నలభై మూడు పళ్ళ క్రౌన్

14-12-81, సోమవారం

ఈ రోజు యోహాను వచ్చి బండి అడిగినాడు.

నా దాదాపీర్ బండి. వాడు పోయి పదకొండు నెలలు. అప్పటి నుంచి అది మా అన్న మొహిద్దీన్ సాబ్ షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. పాత ఫియెట్. టాపు కోసేసి, వెనక సీటు పీకేసి, రేసుకని తయారు చేసుకుంటున్నాడు నా కొడుకు. మద్రాసు దగ్గర షోలవరంలో ఫిబ్రవరిలో రేసులు జరుగుతాయి. ఒక్కసారి ఆ ట్రాకు మీద తిప్పాలని వాడి ఆశ.

యోహాను వాడి స్నేహితుడు. పెనుకొండ పిల్లోడు. రెండేళ్ళు బెంగుళూరులో మెకానిక్ పని చేసి మొన్ననే తిరిగొచ్చినాడు. బండిని తయారు చేసి ఫిబ్రవరికి షోలవరం తీసుకుపోతానన్నాడు. బానెట్ మీద దాదా పేరు రాయిస్తాడట. దెబ్బతిన్న ముందు భాగం అన్న ఎప్పుడో సరిచేసి పెట్టినాడని కూడా యోహానే చెప్పినాడు. నాకు తెలియదు. అన్నా నేనూ మాట్లాడుకోవడం లేదు.

సరే తీసుకోమన్నాను. ఒక్క షరతు పెట్టినాను. వెనక ఉండే డిఫరెన్షియల్ మాత్రం విప్పకూడదు. అది అట్లే పక్కన పెట్టి వేరేది వేసుకోవాలి.

ఎందుకమ్మా అని అడిగినాడు. టీ పెట్టేదానికి లోపలికి పోయినాను.

16-12-81

ఎందుకో రాద్దామని కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు.

18-12-81, శుక్రవారం

రాసేస్తాను. నా కూతురు జాహెదా అత్తగారింటికి పోతూ ఈ నోటుబుక్కు ఇచ్చి, నోటితో చెప్పలేనివి రాసుకో అమ్మా అన్నది. నా చదువు ఐదో క్లాసు. ఎవరూ చూడరు కాబట్టి వంకరగా ఉన్నా ఫరవాలేదు.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ. ఆ తేడా ఇచ్చేదే డిఫరెన్షియల్. దాంట్లో క్రౌన్ అని పెద్ద పళ్ళ చక్రం ఉంటుంది. ఆ క్రౌన్‌ను ఒక ఇనుప గూడుకు బిగిస్తారు. గూట్లో నాలుగు చిన్న పళ్ళ చక్రాలు ఉంటాయి. వాటిని వెల్డింగ్ పెట్టి అతికేస్తే ఇంక తేడా ఉండదు. రెండు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి. రేసు ట్రాకులో మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు రెండూ కలిసి తోస్తాయి, బండి దూకుతుంది. మామూలు రోడ్డు మీద అయితే మలుపులో తిరగనని మొండికేస్తుంది. ఇదంతా దాదానే చెప్పినాడు, రాగిసంగటి ముద్దను రెండు ముక్కలు చేసి చూపిస్తూ.

అన్న తన షెడ్డులో ఆ పని చెయ్యనీయలేదు. వాడు వెల్డింగ్ సెట్టు ఎవరినో అడిగి తెచ్చుకొని మా పెరట్లో పెట్టినాడు. వేడి పక్కకు పాకకుండా గూడు చుట్టూ తడి గోనెపట్ట కప్పి పట్టుకోవాలి. ఎవరూ లేరు. నేను పట్టుకున్నాను. మామ తిడతాడేమో అమ్మా అని వాడు ఒక్క క్షణం ఆగినాడు.

"మామకు నేను చెప్పుకుంటాలే, నువ్వు పెట్టు నాయనా."

ఆ మాట అన్నది నేను.

అది శుక్రవారం. ఆదివారం పొద్దున బండి ఎట్లా లాగుతుందో చూస్తానని పెనుకొండ దాటి హైవే ఎక్కినాడు. చెన్నేకొత్తపల్లికి ముందు మలుపులో కల్వర్టు గోడకు కొట్టుకున్నాడు. వెల్డింగ్ పెట్టిన బండి, తిరగలేదు, నేరుగా పోయిందని హిందూపురం షెడ్లన్నిట్లోనూ అనుకున్నారు. మట్టి ఇచ్చిన రోజు అన్న, "నేను వద్దన్నా, విన్లేదు" అని ఏడ్చినాడు. అబద్ధమేమీ కాదు. అయినా ఆ రోజు నుంచి ఆయన ముఖం చూడలేకపోయినాను. వద్దన్నదాన్ని పెట్టమన్నది ఎవరో ఆయనకు తెలియదు.

డిఫరెన్షియల్ విప్పితే ఆ అతుకు కనబడుతుంది. నా చేతులు కనబడతాయి.

23-12-81

పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీస్తున్నాను. యోహాను వచ్చి నా చరకా పక్కన కూర్చున్నాడు. వాడికి గేర్ బాక్స్ చిక్కు.

బండిలో ఇప్పుడున్న గేర్ బాక్స్‌లో రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య దూరం ఎక్కువట. మార్చినప్పుడల్లా ఇంజన్ ఊపిరి తీసుకోలేక కిందికి పడిపోతుంది. జీపు గేర్ బాక్స్ గట్టిది కానీ బరువు, పైగా మూడే గేర్లు. ధర్మవరంలో జయరాముడు అనే ఆయన పాత సామాన్ల గుజరీ అంగట్లో, బెంగుళూరు నుంచి ఇనుముకు వచ్చిన పాత రేసు బండి గేర్ బాక్స్ ఒకటి ఉందట. దాంట్లో గేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయట.

మెట్ల మాదిరా అని అడిగినాను. పెద్ద పెద్ద మెట్లయితే ముసలివాళ్ళు ప్రతి మెట్టుకూ ఆగుతారు. చిన్న మెట్లయితే ఆగకుండా ఎక్కుతారు.

యోహాను నన్నట్లే చూసినాడు. దాదా కూడా ఇదే మాట చెప్పేవాడమ్మా అన్నాడు. వాడెక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. బాబయ్య దర్గాకు వాళ్ళవ్వను మెట్లెక్కించి నడిపించుకుపోయేవాడు చిన్నప్పుడు.

ధర్మవరానికి నన్నూ రమ్మన్నాడు.

27-12-81

పోవాలంటే ఆ మలుపు దాటాలి.

2-1-82, శనివారం

పోయొచ్చినాను. రాసేది చాలా ఉంది.

పోయేటప్పుడు పెనుకొండ దాటినాక కొంగు ముఖం మీద వేసుకొని కళ్ళు మూసుకున్నాను. ధర్మవరం బస్టాండులోనే తెరిచినాను.

జయరాముడి అంగట్లో నూనె మురికి తప్ప ఇంకో వాసన లేదు. గేర్ బాక్స్ మూత తీసి చూపించినాడు. యోహాను కళ్ళతో చూస్తున్నాడు. నేను చెయ్యి పెట్టినాను. ముప్పై ఏళ్ళు వేడినీళ్ళలో కంటికి కనపడని పోగు కొస పట్టుకున్న వేళ్ళు నావి. ఒక్కో చక్రం తిప్పుతూ పన్ను పన్నూ తడుముతున్నాను.

"ఏమక్కా, చీర కొంటాండావా? అంచు చూస్తాండావే!" అన్నాడు జయరాముడు. అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వినారు.

మూడో గేరులో ఒక పన్ను మూల విరిగి ఉంది. చూపించినాను. నవ్వులు ఆగినాయి. జయరాముడు అద్దాలు పెట్టుకొని చూసి, నాలిక్కరుచుకొని, లోపలి నుంచి మంచి చక్రం తెచ్చి వేసి ఇచ్చినాడు. చీర అయితే మడతలోనే కనిపెట్టేదాన్నన్నాను. నేను ఒకరిని నవ్వించి సంవత్సరం అవుతుంది.

డిఫరెన్షియల్‌కు కూడా ఒక జత దొరికింది. నలభై మూడు పళ్ళ క్రౌన్, దాన్ని తిప్పే చిన్న చక్రానికి తొమ్మిది పళ్ళు. మన బండిలో ఉన్నదానికి పెద్దది నలభై మూడే, చిన్నదానికి పది. తొమ్మిది అయితే బండి తొందరగా అందుకుంటుంది, పై స్పీడు కొంచెం తగ్గుతుంది. కానీ క్రౌన్ బిగించే గూడు మాత్రం జయరాముడి దగ్గర లేదు. ఎక్కడా దొరకదన్నాడు. అంటే దాదా బండిలో గూడే కావాలి. అంటే విప్పాలి. యోహాను నా వైపు చూసి తల దించుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కళ్ళు మూసుకోలేదు. చెన్నేకొత్తపల్లి దాటి కొంచెం దూరం పోయినాక బస్సు పక్కకు ఊగింది. రోడ్డు నిండా ఉలవకట్టె పరిచి ఉంది. ఈ కాలంలో ఇది మామూలే. కోసిన కట్టెను తారురోడ్డు మీద పరిస్తే లారీలూ బస్సులూ తొక్కి గింజ రాలుస్తాయి, కళ్ళం పని తప్పుతుంది. డ్రైవరు తిట్టుకుంటూ నెమ్మది చేసినాడు. ఎదురుగా మలుపు, తెల్ల సున్నం కల్వర్టు కనబడినాయి. ఒక గోడ కొత్తది.

ఆపమన్నాను. గేర్ బాక్స్ బస్సు టాపు మీద ఉంది కాబట్టి, పెనుకొండలో దిగి కూర్చో, వెనక బస్సుకు వస్తానని యోహానుకు చెప్పినాను.

ఒక ఆడమనిషి పంగలకర్రతో కట్టె తిరగేస్తోంది. నా వయసే. పేరు సిద్దమ్మ. నీళ్ళు కావాలా అని తనే అడిగింది. తాగినాను. అప్పుడు చూసినాను, కట్టె మలుపుకు బాగా ఇవతలే ఆపేసినారు. మలుపులోనేమో ఎండ బాగా పడుతోంది, రోడ్డు వెడల్పు కూడా. అందరూ అట్లాంటి చోటే పరుస్తారు. ఆడ ఎందుకు పరచలేదని అడిగినాను. ఊరికే అడిగినాను.

సిద్దమ్మ చేతిలో కర్ర కింద పడింది. నేనెవరని అడిగింది.

చెప్పినాను.

రోడ్డు పక్కన కూలబడిపోయింది. తర్వాత అంతా చెప్పింది. పోయినేడు మలుపులోనే పరిచినారట. ఆ పొద్దు తను నడిరోడ్డు మీద వీపు తిప్పి కట్టె ఎగరేస్తోంది. గాలికి బండి చప్పుడు వినబడలేదు. హారన్‌కు తిరిగి చూసేసరికి బండి ముందర ఉంది.

"నన్ను తప్పించేకి తిప్పినాడమ్మా. బండి తిరిగింది. మా కట్టె మీద చక్రాలు జారినాయి."

"తిరిగిందా? నువ్వు చూసినావా?"

"తిరక్కపోయింటే నేను ఈడ ఉందునా తల్లీ?"

పోలీసులు వచ్చేలోపల వాళ్ళాయన నాగప్ప కట్టెంతా ఊడ్చి చేనులోకి లాగేసినాడు. నోరెత్తొద్దన్నాడు. ఆ ఉలవలు ఒక్క గింజ కూడా తాము తినలేదట, ఎద్దులకు పెట్టేసినారట. మలుపులో మళ్ళీ పరచలేదు. తిట్టమ్మా, నన్ను తిట్టు అని సిద్దమ్మ నా చేతులు పట్టుకుంది.

తిట్టాలి నిజానికి. నాకు తిట్టు రాలేదు. తిరిగింది అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ వినబడటం లేదు. కొడుకు చచ్చిన చోట నిలబడి తల్లికి ఊపిరి తేలిక కావచ్చునా? అయింది. రాస్తున్నాను కదా, అబద్ధం ఎందుకు.

5-1-82

తేలిక రెండు రోజులే. అతికిన బండి కూడా కొంచెం తిరుగుతుందా అని యోహానును అడిగినాను. దాచకుండా చెప్పినాడు. టైర్లు ఈడ్చుకుంటూ కొంచెం తిరుగుతుందమ్మా, జారడమైతే ఇంకా తొందరగా జారుతుంది.

చక్రం తిప్పి చూస్తే తెలియదా అన్నాను. వెనక ఆక్సిల్ రాడ్లు రెండూ వంగిపోతే మొహిద్దీన్ సాబ్ అప్పుడే పీకేసినాడు, బండి దిమ్మెల మీద ఉంది, విప్పాల్సిందేనన్నాడు.

నేరుగా షెడ్డుకు పోయినాను. అన్న లేచి నిలబడినాడు. ఆయనకు చెప్పేసినాను. గోనెపట్ట పట్టింది నేను, పెట్టమన్నది నేను, శుక్రవారం నమాజు అయినాక విప్పు, నేనూ ఉంటాను అని.

అన్న కాసేపు చేతిలో స్పానరు తుడుస్తూ నిలబడినాడు.

"నేను ఈడ పెట్టనిచ్చింటే వాడు నీచేత గోనె పట్టిస్తుండెనా ఖైరూ? నాదేమన్నా తక్కువ తప్పా?"

దాదాపు సంవత్సరం ఇద్దరం ఒకే బరువును చెరొక ఇంట్లో మోసినాము. ఒకే వీధిలో.

8-1-82, శుక్రవారం, సాయంత్రం నాలుగు

నూనె కారిపోయింది, నల్లగా. అన్న బోల్టులన్నీ తీసినాడు. మూత తీసి పక్కన పెట్టినాడు. నువ్వే చెయ్యి పెట్టు ఖైరూ అని పక్కకు జరిగినాడు.

చెయ్యి పెట్టినాను. మిగిలిన నూనె జిడ్డులో ఏమీ కనబడదు. గూడు తగిలింది. గూట్లో చిన్న చక్రం తగిలింది. వేలితో తోసినాను.

తిరిగింది. వేడినీళ్ళలో పట్టుగూడు తిరిగినట్లు మెత్తగా, వేలి కింద తిరిగింది. నాలుగూ తిరిగినాయి. ఒక్క పన్ను కూడా విరగలేదు. అతుకు లేదు. ఎక్కడా లేదు.

తిరుగుతాండాది అన్నా అన్నాను. ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. యోహాను టార్చి పెట్టి చూసి కింద కూర్చున్నాడు.

మరి మా పెరట్లో అతికింది ఏది? అన్న తల పట్టుకొని ఆలోచించి చెప్పినాడు. ఆ వారం షెడ్డులో పాత ఇనుము కుప్పలో నుంచి ఇట్లాంటి గూడు ఒకటి కనబడకుండా పోయిందట. ఎవడో ఇనుముకు వేసేసినాడనుకున్నాడట.

ఆరు గంటలు

ఇంటికొచ్చి అటక ఎక్కినాను. చరకా పాత సామాన్ల వెనక ఒక మూట ఉంది. అదే గోనెపట్ట, ఎండి రేకు మాదిరి అయింది. లోపల పేపరు, గ్రీజు, అతికిన గూడు. సుద్దముక్కతో షోలవరం అని రాసి పెట్టినాడు.

రోడ్డుకు ఒకటి, ట్రాకుకు ఒకటి. నా కొడుకుకు తెలుసు. మామ మాట విన్నాడు, అమ్మ మాటా విన్నాడు. మేమే వాడి మాట వినలేదు.

11-1-82

సంవత్సరం. బాబయ్య దర్గాలో వాడి పేరిట ఫాతెహా చదివించినాము. అన్న మా ఇంట్లో భోంచేసినాడు. ఉప్పు తక్కువైందన్నాడు. ఎంత బాగుండింది ఆ మాట.

17-1-82, ఆదివారం

ఈ రోజు తేల్చినాము. బెంచీ మీద అన్నీ వరసగా పెట్టినాడు యోహాను.

గేర్ బాక్స్ ధర్మవరందే. దాంట్లో మాటల్లేవు. పళ్ళు పదా తొమ్మిదా అన్నదే ఎంతకూ తెగలేదు. షోలవరంలో పొడవాటి రోడ్డు ఉంది, అక్కడ పది అయితే స్పీడు అందుతుంది అంటాడు అన్న. మలుపుల్లో తొమ్మిదే మేలు అంటాడు యోహాను. ఒక చుట్టులో ఎన్నిసార్లు బాగా నెమ్మది కావాలని నేను అడిగినాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టి చెప్పినాడు.

మా చరకాకు ఒకసారి పెద్ద చక్రం వేసినాము. తిరిగేటప్పుడు గాలి మాదిరి తిరిగేది. పోగు తెగి ఆగిందంటే మళ్ళీ అందుకునేదానికి ప్రాణం పోయేది. పోగు తెగకుండా పట్టు ఎవరు తీస్తారు? అన్నిసార్లు ఆగి లేవాలంటే లేచేది తొందరగా లేవాలి. తొమ్మిది వెయ్యి అన్నాను. అన్న మీసం గోక్కొని సరేనన్నాడు.

తర్వాత గూడు. దాదా అతికింది ఒకటి, అతకనిది ఒకటి. అన్న అతకనిదే మంచిదన్నాడు. యోహాను నా వైపు చూస్తున్నాడు. వాడికీ అమ్మ ఉంది. ఈసారి తొందరపడి నోరు జారకూడదని నీళ్ళు తాగి వచ్చి, రెండింటినీ మళ్ళీ తడిమి చూసినాను. అతుకు చుట్టూ ఎక్కడా సందు లేదు. నున్నగా, ఒకే ధారగా ఉంది. పని తెలిసిన చెయ్యి.

"దాదా పెట్టిందే వెయ్యి. కానీ రోడ్డు మీద ఒక గజం కూడా నడపొద్దు. లారీలో ఎక్కించుకోని పో, లారీలో దించుకోని రా."

అన్న మెల్లగా గూడు చేతికి తీసుకున్నాడు. క్రౌన్ బిగించేటప్పుడు ఒక్కో బోల్టూ నాచేత ముట్టించినాడు.

7-2-82

లారీ పోయింది. తాళ్ళు మూడుసార్లు చూసినాను. లారీ డ్రైవరు విసుక్కున్నాడు.

16-2-82, మంగళవారం

యోహాను వచ్చినాడు. కాళ్ళూ చేతులూ బాగున్నాయి. ముందు మీ అమ్మ దగ్గరికి పోరా అని కసిరినాను. పోయే వచ్చినానమ్మా అన్నాడు.

పద్నాలుగు బండ్లలో పదకొండోవాడట. సంబరం చూస్తే మొదటివాడనుకుంటారు. పొడుగు రోడ్డు మీద అందరూ దాటిపోయినారట. మలుపు దగ్గర మాత్రం లోపలి నుంచి తోసుకొచ్చి ఇద్దరిని దాటినాడట. మలుపులో బండి ఎట్లా ఉండిందని అడిగినాను. మొదట మొండికేస్తుందమ్మా, తర్వాత దాదా వెనక నుంచి తోసినట్లు పోతుంది అన్నాడు. బానెట్ మీద పేరు మాత్రం ఎండకు సగం పెచ్చు లేచిపోయిందట, మళ్ళీ రాయిస్తాడట.

యోహాను ఇంటికి పోయినాక తలుపు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఏడ్చినాను కూడా. ఇన్ని రోజులూ ఏడ్చిన ఏడుపు కాదు. ఇది ఉత్త కొడుకు లేని ఏడుపు.

21-2-82

సిద్దమ్మ బస్సు కండక్టరు చేత రెండు పడి ఉలవలు పంపించింది. చెరిగి, కడిగి, చారు కాచినాను. అన్న రెండుసార్లు పోయించుకున్నాడు. నేనూ తిన్నాను.

చెరిగేటప్పుడు తారు అంటుకున్న చిన్న రాయి ఒకటి దొరికింది. పారెయ్యలేదు.